పట్టికలో లేని వరుస

ఈ వ్యవహారంలో మొదటి ముద్దాయి కామా. కంప్యూటరు ముందు కూర్చుని పుస్తకాలు కంపోజు చేస్తాడు, ఊపిరి పీల్చుకున్న చోటల్లా ఒక కామా కొడతాడు. అందుకని ఆ పేరు. పదిహేనేళ్లలో వందల పుస్తకాలు కంపోజు చేశాడు కానీ ఒక్కటి చదివిన పాపాన పోలేదు. "చదువుతూ కూర్చుంటే పని తెమలదు గురూ" అంటాడు. అలాంటివాడు ఏ బుద్ధి పుట్టిందో గాని బైండరు కాగితంలో ఒకే ఒక్క వరుస చదివాడు. చదివి, దాన్ని తీసేశాడు. ఇరవై మూడు వరుసలు చదవకుండా వదిలేసిన మనిషికి ఆ ఇరవై నాలుగోదే ఎందుకు కళ్లపడాలి? ఇలాంటి ప్రశ్నలకు చదువుకున్నవాళ్లు కూడా జవాబు చెప్పలేరు.

ఆ ఉదయం బైండరు వేసుకున్న పథకం చాలా చిన్నది. చెల్లెలు రాసిన నవల ఐదువందల కాపీలూ కుట్టడం అయిపోయింది. తప్పొప్పుల పట్టిక అచ్చయి రాగానే ఒక్కొక్క దాంట్లో అతికించాలి, వీపులకు దన్నుగా చిత్తు కాగితం వేసి అట్టలు తొడగాలి, శనివారం సాయంత్రం సభకు అందించాలి. సభ అయ్యాక చెల్లెల్ని ఇంటికి భోజనానికి పిలవాలి. ఈ ఆఖరి పని కోసమే మిగతా పనులన్నీ.

వాళ్ల మధ్య ఆరేళ్లుగా మాటల్లేవు. ఇద్దర్నీ చదివించే తాహతు ఇంట్లో లేకపోతే ఏడో తరగతిలో పుస్తకాలు పక్కన పెట్టి బైండింగు షెడ్డులో చేరినవాడు అతను. ఆ కూలితో చదువుకుని తెలుగు టీచరయినది ఆమె. ఆరేళ్ల కింద వాళ్ల బడికి రిజిస్టర్లు మోసుకువెళ్తే పెద్ద టీచరు అడిగింది, "ఈయన మీకేమవుతారు?" అని. చెల్లెలు తడుముకోకుండా, "బైండింగు చేస్తారండీ" అంది. అడిగింది వరుస, చెప్పింది వృత్తి. బైండరు రిజిస్టర్లు బల్ల మీద పెట్టి, లెక్క చూసుకోమని చెప్పి, వచ్చేశాడు. మళ్లీ ఆమె గడప తొక్కలేదు.

అలాంటి చెల్లెలు కిందటి నెల తనంతట తనే షెడ్డు మెట్లెక్కి వచ్చింది. "అన్నయ్యా, దీన్ని ఇంకెవరి చేతా కుట్టించను" అంది. ఆ పిలుపు విన్నాక బైండరు బేరమే ఆడలేదు.

నవల పేరు 'ఏడో అంతస్తు రెక్కలు'. అందులో ఒక లిఫ్టు మెకానిక్కు ఉంటాడు. వాడికి చొక్కా కింద మడతపెట్టిన రెక్కలుంటాయి. బస్టాండులో ప్రయాణికులు పోగొట్టుకున్న సామాన్లు భద్రపరిచే కౌంటరులో ఒక అమ్మాయి ఉంటుంది. ఒకరోజు ఎవరో ఆమెకు ఒక ఈక తెచ్చి అప్పగిస్తారు. అక్కణ్ణించి ప్రేమ. ఊరి కింద మురుగు కాలవల్లో కాపురముండే నీడల రాజుకు ఆ ప్రేమ గిట్టదు. ఎందుకు గిట్టదో రచయిత్రి చివరిదాకా చెప్పలేదు.

పదహారేసి పేజీల ఫారాలు మడతపెడుతూ బైండరు ఆ నవల మొత్తం చదివాడు. తిట్టుకుంటూ చదివాడు. కూర మాడిందని విసుక్కుంటూనే మారు వడ్డించుకునే మనిషిలా, ఒక ఫారం అవగానే ఇంకోదానికి చెయ్యి చాచాడు. "ఇదేం కథ! రెక్కలున్నవాడికి లిఫ్టు రిపేరు పనేంటి?" అని భార్యతో అన్నాడు. "అంత బాగోకపోతే చదవడమెందుకండీ?" అంది ఆవిడ. "మడత సరిపోయిందో లేదో చూడొద్దూ?" అన్నాడు, కళ్లు పేజీ మీంచి ఎత్తకుండా.

అభిప్రాయం చెప్పాలంటే అతనికి తెలిసిన రచన ఒకటే, తప్పొప్పుల పట్టిక. ముప్పై ఏళ్లుగా ఎవరెవరి తప్పులో అతికించిన చెయ్యి. అందుకని ఒక తెల్ల కాగితం తీసుకుని, గీతలు కొట్టి, పేజీ, తప్పు, ఒప్పు అని మూడు గళ్లు చేసి రాసుకుంటూ పోయాడు.

పేజీ 18. తప్పు: రెక్కలున్నవాడు లిఫ్టు కోసం పావుగంట నిలబడ్డాడు. ఒప్పు: ఎగరాలి, లేదా మెట్లెక్కాలి.

పేజీ 37. తప్పు: కళ్లు నీలం. 52లో బూడిదరంగు. ఒప్పు: ఏదో ఒకటి తేల్చుకోవాలి.

పేజీ 64. తప్పు: చొక్కా తొడుక్కున్నాడు. ఒప్పు: వీపున కన్నాలు ఎవరు కుట్టారో చెప్పాలి.

పేజీ 90. తప్పు: ముద్దు రెండు పేజీలు. ఒప్పు: మధ్యలో ఊపిరి.

ఇలా ఇరవై మూడు. ఇరవై మూడోది ముగింపు గురించి: 'కుట్టు ఊడిన కథ. విప్పి మళ్లీ కుట్టాలి.'

కానీ మధ్యలో, నూట పన్నెండో పేజీ ఒకటుంది. ఏడో ఫారంలో ఆఖరి పేజీ. రెక్కలవాడి చిన్నతనం అది. చెల్లెలికి రాసుకోవడానికి కలం లేదని, అప్పుడే మొలుస్తున్న తన ఈకలు ఒక్కొక్కటే పీకి, మొన చెక్కి ఇస్తాడు. చెల్లెలి అక్షరాలు గుండ్రంగా కుదురుతాయి. వాడు ఆ తర్వాత ఎప్పుడూ తిన్నగా ఎగరలేకపోతాడు. ఎవరన్నా అడిగితే, ఎత్తంటే భయమని చెప్పేవాడట. ఏడో తరగతిలో ఆగినవాడు ఏడో ఫారం దగ్గర ఆగిపోయాడు. గిన్నెలో జిగురు గడ్డకట్టింది. భార్య వచ్చి, "ఏమైందండీ?" అంటే, "జిగురు ఘాటు" అన్నాడు.

ఆ పేజీ గురించి ఏం రాయాలో తెలియక అన్నిటికన్నా ఆఖర్న రాశాడు, ఇరవై నాలుగో వరుసగా. పేజీ 112. తప్పు: లేదు. ఒప్పు: అంతా.

భోజనాల దగ్గర ఆ కాగితం చెల్లెలి చేతికిచ్చి, ఆమె పైనుంచి చదువుతూ ముక్కు చిట్లిస్తుంటే, ఆఖరి వరుస దాకా చూస్తూ కూర్చోవాలని అతని ఆశ.

కామా వచ్చినప్పుడు బైండరు రెండు చేతులూ మోచేతుల దాకా జిగురులో ఉన్నాయి.

"గురూ, తప్పొప్పుల కాగితం ఇస్తే మధ్యాహ్నానికి కొట్టి తెచ్చేస్తా."

"బల్ల మీదుంది, మీ వదిననడుగు."

బల్ల మీద రెండున్నాయి. చెల్లెలు పంపిన అసలు పట్టిక, ఆరు అచ్చుతప్పులది, జిగురు డబ్బా కింద ఉంది. బైండరుది డబ్బా పక్కనుంది.

"ఏవండీ, ఏ కాగితం?"

"తప్పొప్పులదే!"

"మీరు రాసిందేనా?"

చెల్లెలు పంపిన పట్టికను విప్పి చూడకుండానే మీద 'ఐదువందల కాపీలు' అని రాసి పెట్టింది అతనే. "ఆఁ, నేను రాసిందే, ఇచ్చెయ్!" అని అరిచాడు.

ఆవిడ ఇచ్చేసింది. మధ్యాహ్నానికి పట్టికలు అచ్చయి వచ్చాయి, కామాలతో సహా. కామా తను తీసుకెళ్లిన కాగితం కూడా భద్రంగా వదినకు తిరిగిచ్చాడు. అట్ల కాడంత పొడుగున్న పట్టిక చూసి బైండరు, 'ఇన్ని తప్పులా! తెలుగు టీచరు కూడానూ' అని మనసులో కాస్త సంతోషపడ్డాడు. చదవలేదు. అతికించే పట్టిక చదివే బైండరు ఇంకా పుట్టలేదు. సాయంత్రానికి ఐదువందలూ అతికించాడు, మొదటి పేజీకి ఎదురుగా, అట్ట తెరవగానే కనపడేటట్టు.

శనివారం సభలో ముఖ్య అతిథిగా వచ్చినాయన, అందరు ముఖ్య అతిథుల్లాగే, పుస్తకం చదివి రాలేదు. వేదిక మీద అట్ట తెరిచి, కళ్లజోడు సవరించుకుని, ఎదురుగా కనపడ్డది ముందుమాట అనుకుని గంభీరంగా చదవడం మొదలుపెట్టాడు. "పేజీ పద్దెనిమిది. తప్పు. రెక్కలున్నవాడు, లిఫ్టు కోసం, పావుగంట నిలబడ్డాడు." కామా ఉన్న ప్రతిచోటా ఆగాడు. ముందు వరుసలో ఒకరు కిసుక్కుమన్నారు. ముద్దు మధ్యలో ఊపిరి దగ్గరికి వచ్చేసరికి హాలు గొల్లుమంది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బైండరుకు ఆ మాటలు ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో గుర్తొచ్చేసరికి ముఖ్య అతిథి తర్వాతి వరుస అందుకున్నాడు.

వేదిక మీద చెల్లెలు నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు చిన్నప్పుడు బడిలో పడిపోయి మోకాలు చెక్కుకున్నప్పుడు నవ్విన నవ్వు. అది అతనికొక్కడికే తెలుసు.

జనం పోయాక వరండాలో పట్టుకుంది.

"ఎవరు రాశారివి?"

"అదికాదమ్మా..."

"'కుట్టు ఊడిన కథ' అనే మనిషి ఈ ఊళ్లో ఇంకొకడున్నాడా?"

"రాసింది నేనే. నీకొక్కదానికే రాశాను. ఆఖరి వరుస చూడు, ఒక్కసారి ఆఖరిది చూడు!"

ఆమె పుస్తకం తెరిచి చూసింది. ఆఖరి వరుసలో కుట్టు ఊడిన కథే ఉంది. అట్ట మూసి, అతని చేతిలో పెట్టి వెళ్లిపోయింది. భోజనం ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం పొద్దున్నే బైండరు కామా తలుపు కొట్టాడు.

"నా ఆఖరి వరుస ఏదిరా?"

"నూట పన్నెండా? తీసేశా గురూ. కాగితం చాల్లేదు. ఆఖర్న మిగిలింది అదొక్కటే, చూస్తే తప్పు లేదని రాసుంది. తప్పు లేనిదానికి తప్పుల పట్టికలో పనేంటి?"

 అందులో న్యాయముంది, అదే దరిద్రం.

"నా కాగితం?"

"వదిన చేతికిచ్చాగా."

ఇంటికి పరిగెత్తాడు. భార్య స్థిమితంగా చెప్పింది. "చిత్తు కాగితాలన్నీ పేలికలు కోసి పుస్తకాల వీపులకి వెయ్యమన్నది మీరే కదండీ. అచ్చయిపోయింది కదా అని దాన్నీ కోశాను."

"ఏ పుస్తకానికి వేశావ్?"

"ఐదువందల వీపులు. ఏ వీపున ఏముందో నాకేం తెలుసండీ?"

సభలో అమ్ముడుపోయినవి పోగా నాలుగువందల పైచిలుకు షెడ్డులో ఉన్నాయి. బైండరు కింద కూర్చుని, కత్తి తీసుకుని, మొదటి పుస్తకం వీపు చీల్చాడు. పాత క్యాలెండరు ముక్క. రెండోది చీల్చాడు. కరపత్రం. మూడోది. "మీకు పిచ్చిగానీ పట్టిందా!" అంది భార్య. "ఆ వరుస దొరికితే చాలు, మళ్లీ అన్నీ కుడతాను" అన్నాడు. తన చేత్తో కుట్టినవి, తన చేత్తో చింపుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి ముప్పై అయ్యాయి.

ముప్పై ఒకటోది చీలుస్తుండగా గుమ్మంలో చెల్లెలు నిలబడి ఉంది. చేతిలో ఒక పొట్లం. ఎప్పుడొచ్చిందో.

చుట్టూ రెక్కలు విరిచిన కోళ్లలా ఆమె నవలలు పడున్నాయి.

"అంత నచ్చలేదా అన్నయ్యా?" అంది.

"ఇదంతా వరుస కోసమేనమ్మా!" అన్నాడు బైండరు, కత్తి పట్టుకునే.

"వరుస కోసమా?" అంది. "వరుస కావాలనుకున్నవాళ్లు పుస్తకాలు చింపుతారా?"

పొట్లం గుమ్మం దగ్గర పెట్టి మెట్లు దిగింది. ఒళ్లో పుస్తకం, చేతుల నిండా చిత్తుకాగితాలు, బైండరు లేచి వీధిలోకి వచ్చేసరికి ఆటో మలుపు తిరిగింది. తిరిగొచ్చి పొట్లం విప్పాడు. కొత్త చొక్కా. అతని కొలతే. వీపున రెండు పక్కలా నిలువుగా రెండు కన్నాలు, అంచులు చక్కగా చేతికుట్టు వేసి ఉన్నాయి. జేబులో చిన్న కాగితం. గుండ్రటి అక్షరాలు. 'పేజీ 64. ఒప్పు: చెల్లెలు కుట్టింది.'

పొద్దున్న కామా ఇంటికి పోకుండా, నోరు మూసుకుని ఇంట్లో కూర్చుని ఉంటే సరిపోయేది.

ఆ తర్వాత అతను ఒక్క పుస్తకం కూడా చీల్చలేదు. మిగతావన్నీ షాపులకు పోయి, నెల తిరక్కుండా అమ్ముడుపోయాయి. జనం పట్టిక కోసమే కొన్నారు. తన తప్పులు తనే చెప్పుకున్న రచయిత్రి ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆమె కాదని ఎవరికీ చెప్పలేదు. నూట పన్నెండో పేజీ గురించి బైండరు రాసిన మాట మాత్రం ఎవరింట్లోనో, ఏ అలమారలోనో, ఒక పుస్తకం వీపున జిగురు కింద ఉంది. దాన్ని కొన్నవాళ్లు పుస్తకాన్ని జాగ్రత్తగా చూసుకునేవాళ్లయితే అది ఎప్పటికీ బయటపడదు.

రెండో ముద్రణకు ఆమె ఫోను చేసింది.

"బైండరుగారూ, ఈసారి వెయ్యి కాపీలండీ. పట్టిక మాత్రం ఉన్నదున్నట్టు ఉండాలి."

"చివర ఒక్క వరుస కలపాలమ్మా."

"వద్దండీ. ఉన్నవి చాలు."

చింపిన ముప్పై ఒక్క కాపీల ఖరీదు బిల్లులో కోసుకున్నారు. పోయిన వరుస ఒక్కటే గనక, దాన్ని లెక్కలో చూపలేదు.