మారు అడిగితే డూప్లికేటు

"ఈ రాష్ట్రంలో ఇకమీదట ఏ ఒక్కరి ఆకలీ పెండింగులో ఉండదు!" అని మంత్రిగారు రాజాం సభలో ప్రకటించినప్పుడు చప్పట్లు ఎంత గట్టిగా మోగాయంటే, పక్క వీధిలో పెళ్ళి మేళగాళ్ళు తమకే అనుకుని మరో పాట అందుకున్నారు. మంత్రిగారు ఆ మధ్యే విదేశాలు చూసి వచ్చారు. అక్కడొక హోటల్లో ఎవరూ కేకలెయ్యకుండా, ట్యాబు మీద వేలితో నొక్కి అన్నం తెప్పించుకోవడం కళ్ళారా చూశారు. చూసి ఊరుకునే మనిషైతే ఆయన మంత్రి ఎందుకవుతారు? విమానం దిగీ దిగగానే 'భోజన ఆదేశాల సత్వర పరిష్కార పథకం' తయారైపోయింది. ఆర్డరుని తెలుగులో ఆదేశం అంటారని చెప్పింది ఆయన పీయే.

తొలి ప్రయోగానికి రాజాంలో ఎబెనెజరు భోజన హోటలు ఎంపికైంది. హోటలు నడిపే జ్ఞానసుందరి చేతి పప్పుచారుకి ఊళ్ళో పేరుంది, నిజమే. కానీ ఎంపికకి అసలు కారణం వేరు. హోటలున్న రేకుల షెడ్డు సర్కారువారిది, దాని లీజు నెలాఖరుతో సరి. ప్రయోగం జయప్రదమైతే లీజు మళ్ళీ పదేళ్ళు, కాకపోతే షెడ్డు ఖాళీ చెయ్యాలన్నారు. భర్త ఎజ్రా పోయాక జ్ఞానసుందరికి ఆ షెడ్డే ఇల్లూ వాకిలీ, దిక్కూ దివాణం. అందుకని ఆవిడ కాదనలేదు.

పథకం డైరెక్టరు జగన్నాధం గారు ట్యాబులు పట్టుకుని స్వయంగా వేంచేశారు.

"మీ హోటల్లో ఆర్డర్ ప్రాసెస్ ఏంటమ్మా?"

"ప్రోసెస్సేటి బాబూ? దాలమ్మ కేకేస్తాది. నాను లోపల్నించి ఇంటాను. అన్నం ఒస్తాది" అంది జ్ఞానసుందరి.

దాలమ్మ వడ్డన మనిషి. ఆవిడ 'సాంబారో!' అని కేకేస్తే, పాలకొండ బస్సు ఎక్కబోతున్నవాడు కూడా దిగొచ్చి ఆకు ముందు కూర్చుంటాడని ప్రతీతి. అటువంటి కంఠాన్ని జగన్నాధం గారు శబ్దకాలుష్యం అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇకనుంచి తినడానికి వచ్చినవాడు తన సెల్ నంబరు చెప్పాలి. దానికి ఓటీపీ వస్తుంది. ఆ ఓటీపీ చెప్తే దాలమ్మ ట్యాబులో భోజనం నొక్కుతుంది. వంటగదిలో గంట మోగుతుంది.

"మరి మారు ఎక్కడ నొక్కాలి బాబూ?" అనడిగింది దాలమ్మ.

"మారు అంటే?"

ఆడవాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. మారు తెలియని మనిషి ఇన్నేళ్ళు ఎలా బతికాడో వాళ్ళకి అంతుపట్టలేదు.

"అదేనండీ, మొదట ఎట్టిన అన్నం అయిపోతే మళ్ళీ ఎట్టడం."

"అంటే అదే మనిషికి, అదే ఐటెమ్, రెండోసారి!" జగన్నాధం గారి కళ్ళు మెరిశాయి. "అది డూప్లికేటమ్మా. రేషన్ కార్డుల్లో ఏరేశాం, పింఛన్లలో ఏరేశాం, భోజనాల్లో ఎలా రానిస్తాం? సిస్టమ్ దానంతటదే రిజెక్ట్ చేస్తుంది."

"మారు లేకపోతే అది భోజనమేటి బాబూ? టిఫినీ గానీ!"

"రెండోసారి అడిగాడంటే మొదటి ఆకలి పరిష్కారం కానట్టేగా? అది పథకానికే మచ్చ. లీజు సంగతి గుర్తుంది కదమ్మా?"

గుర్తులేకేం, బ్రహ్మాండంగా గుర్తుంది. ఆ ఆదివారం చర్చిలో అందరూ ఆరోగ్యం, పంటలు, పిల్లల ఉద్యోగాలు అడుగుతుంటే, జ్ఞానసుందరి కళ్ళు మూసుకుని 'ప్రభువా, నాకు షెడ్డు ఉంచు సాలు' అని ఒక్కటే అడిగింది.

ప్రారంభోత్సవానికి జగన్నాధం గారు మాఘమాసంలో పెళ్ళి ముహూర్తాల ముందరి సంతరోజు ఖాయం చేశారు. ఆ రోజున బట్టలకీ బంగారానికీ చుట్టుపక్కల ఊళ్ళన్నీ రాజాంలోనే ఉంటాయి. మిట్టమధ్యాహ్నానికి హోటలు ముందు ఇసకేస్తే రాలని జనం. తీరా చూస్తే ట్యాబులకి వైరు లాగారు గానీ, రేకుల కింద సెల్లులకి సిగ్నలు రాదు! ఓటీపీ కోసం అందరూ రోడ్డు మీదికెళ్ళి సెల్లులు ఆకాశానికెత్తి నిలబడ్డారు. ఓటీపీ వచ్చినవాడు పరుగున లోపలికొచ్చేసరికి వాడి కుర్చీలో ఇంకెవడో కూర్చుని ఉన్నాడు.

"ఐదు రొట్టెలూ రెండు సేపలూ పంచిన్రోజున ప్రభువు ఒక్కడినైనా ఓటీపీ అడిగేడేటే దాలమ్మా?" అని జ్ఞానసుందరి గంజి వారుస్తూ వాపోయింది.

అసలు కథ అక్కణ్ణించి మొదలైంది. వంగర వైపు రైతు నారాయణమూర్తి మేనల్లుడి పెళ్ళిబట్టలకి వచ్చాడు. పప్పుతోనే మొదటి అన్నం అవగొట్టి, "ఒలే దాలమ్మా, మారు!" అన్నాడు. దాలమ్మ నొక్కింది. ట్యాబు ఎర్రగా వెలిగి, 'డూప్లికేట్ ఆదేశం తిరస్కరించబడినది' అంది.

"డూప్లికేటేటే? ఈ కడుపు నాదే, ఒరిజినలు!" అని నారాయణమూర్తి గుడ్లురిమాడు. పక్క ఆకులవాళ్ళూ గొంతు కలిపారు. గొడవ ముదిరితే ప్రయోగం గోవిందా, షెడ్డు గోవిందా.

దాలమ్మ వంగి మెల్లగా అంది. "మావా, పెరటి గుమ్మంలోంచెల్లి వీధి గుమ్మంలోంచి రా. నీ బావమరిది నంబరు సెప్పి, ఆడికొచ్చిన ఓటీపీ అడిగి సెప్పు. కొత్తోడివైపోతావు."

"ఇస్తరి ముందునించి మద్దెలో లెగిస్తే అరిష్టమే!"

"ఇస్తరితోపాటే లెగు. అరిష్టం ఉండదు."

న్యాయంగానే ఉందనిపించింది నారాయణమూర్తికి. ఎడమచేత్తో ఆకు పొట్టకానించుకుని, ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని, షెడ్డు చుట్టూ తిరిగి కొత్తవాడై వచ్చాడు. అది చూసి మిగతావాళ్ళూ లేచారు. కాసేపటికి ఎబెనెజరు హోటలు చుట్టూ విస్తళ్ళు పట్టుకున్న పెద్దమనుషులు వరసగా ప్రదక్షిణలు చేస్తున్నారు. సాంబారు దగ్గరో చుట్టు, పెరుగు దగ్గరో చుట్టు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారి కాన్వాయి ఆగింది. ఆయన కారులోనే ట్యాబులో పథకం లెక్కల డాష్‌బోర్డు చూసుకుంటూ వచ్చారు. మురిసిపోతూ దిగారు.

"గిరాకీ రెట్టింపయింది జగన్నాధం! పెండింగు ఒక్కటీ లేదు! వీళ్ళంతా ఎవరు?"

"కొత్త కస్టమర్లు సార్. క్యూ."

"ఆకులు ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటున్నారే!"

"ప్రజల భాగస్వామ్యం సార్. స్వచ్ఛందంగా."

మంత్రిగారు జగన్నాధం గారి భుజం తట్టారు. గెస్టుహౌసులో భోంచేసి వచ్చారు కాబట్టి ఖాళీ ఆకు ముందు కూర్చుని ఫొటో దిగారు. తర్వాత, "నీకేం కావాలమ్మా?" అని జ్ఞానసుందరిని అడిగారు.

"షెడ్డు బాబూ."

"ఇచ్చేశాం!"

ఆ మహానుభావుడు మాట తప్పలేదు. లీజు కాగితంతోపాటే జగన్నాధం గారి అధ్యయనం కూడా వచ్చింది. ఆర్డరు తీసుకోవడం క్షణాల్లో అయిపోతోందనీ, ఆలస్యమంతా ఆర్డరుకీ ఆకుకీ మధ్య జరుగుతోందనీ ఆయన కనిపెట్టారు. ఆ మధ్యలో ఉన్నది వంటగది. అభివృద్ధికి అడ్డం వచ్చినదాన్ని తొలగించడంలో ఆలస్యం చేసే ప్రభుత్వం కాదది. పొయ్యిలు, గుండిగలు, రుబ్బురోలు లారీకెక్కాయి. వాటి స్థానంలో గోడంత తెరలు, ఏసీలు వచ్చాయి. వీధి గుమ్మం మీద 'ఆదర్శ భోజన ఆదేశ కేంద్రం' అని బోర్డు వెలిసింది. దాలమ్మ పెళ్ళి వంటల జట్టులో చేరిపోయింది.

లారీ కదిలిన రోజున జ్ఞానసుందరి నల్లబడ్డ గోడ దగ్గర కూలబడి ఏడ్చింది. "షెడ్డడిగితే షెడ్డే ఇచ్చేవేటి ప్రభువా!" అంది. ఎజ్రా తన చేత్తో పేర్చిన పొయ్యి అది. దుఃఖం ఆగలేదు.

ఇప్పుడా కేంద్రాన్ని చూడ్డానికి వేరే జిల్లాల నుంచి అధికారులు బస్సుల్లో వస్తున్నారు. మొన్న వచ్చినవాళ్ళు తెరలన్నీ చూసి, ఓటీపీలు తెప్పించుకుని, 'మీ ఆకలి పరిష్కరించబడినది' అన్న మెసేజీలు ఒకరికొకరు చూపించుకుని, చప్పట్లు కొట్టారు. అందరూ బయటికి నడిచాక ఒక పెద్దాయన వెనకబడి, గల్లా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, దగ్గర్లో భోజనం ఎక్కడైనా దొరుకుతుందా?"

జ్ఞానసుందరి సొరుగు వేసి, తాళాలు తీసుకుని లేచింది.

"పదండి బాబూ," అంది. "నాకూ ఆకలిగానే ఉన్నాది."