యాళికి కొత్త తాడు

కోరలకు తెల్లరంగు మరో పూత వేయాలి. చక్రాలకు నూనె పెట్టాలి. వ్యాన్ మాట్లాడాలి. పూజ మొదలయ్యేలోగా రుద్రారం అవతలి కొత్త గుడికి చేరాలి. పటాన్‌చెరులో ఫైబర్ బొమ్మల షెడ్డులో పనిచేసే సంగప్పకు ఆ ఉదయం ఉన్న పనులివి. చేర్చవలసింది యాళిని, అంటే సింహం ఒళ్లు, ఏనుగు తొండం ఉన్న అమ్మవారి వాహనం. అతడు సొంతంగా చేసిన మొదటి బొమ్మ అది. పగిలితే గుడివాళ్లు తీసుకోరు, యజమాని మళ్లీ అచ్చు ముట్టనివ్వడు.

తోడుగా డిగ్రీలో జువాలజీ చదివే కూతురు నిషిత వ్యాన్ ఎక్కింది.

"నాయినా, గిది నిజంగ ఉంటే సాకుతవా?"

"ఎందుకు సాకను? కుడితి పెడితే ఏదన్న మచ్చికైతది."

"కాదు. గుంపుల బతికే జంతువైతేనే మనిషి మాట ఇంటది. యాళి ఒంటరిది. నిన్నే తింటది."

"నా చేతుల పుట్టింది, నన్నెందుకు తింటది? నువ్వే తింటున్నవు, పొద్దుగాల్నుంచి నా తలకాయ!"

గుడి ఎత్తు మీద ఉంది. వ్యాన్ వెనక తలుపు తీసి పలకలు ఆనించారు. గుడి పెద్ద కొమురయ్య కొత్త తాడు పట్టుకుని ఎదురొచ్చాడు. అది చూడగానే సంగప్ప చేతులు వాటంతటవే కదిలాయి. పశువును అమ్మితే పాత తాడు ఇవ్వరు. కొన్నవాడే కొత్తది తెచ్చుకుంటాడు. షెడ్డు పనిలో చేరేముందు పుల్లోడనే ఎద్దును అమ్మినప్పుడూ సంగప్ప అలాగే చేశాడు. ఇప్పుడు యాళిని వ్యాన్‌కు కట్టి ఉంచిన తాడు విప్పి, చుట్టి, భుజాన వేసుకున్నాడు.

యాళి పలకల మీదుగా జారి వాలులో పరుగందుకుంది.

"పట్టుండ్రి!" అని అరిచాడు సంగప్ప.

"అమ్మ కదిలింది, తప్పుకోండ్రి!" అన్నాడు డప్పు కొట్టేవాడు.

పట్టబోయినవాళ్లు దారిచ్చి దండాలు పెట్టారు. డప్పులు జోరందుకున్నాయి. యాళి ఒకరి కొట్టం ముందున్న బర్రెల నడుమ దూరి, కుడితి తొట్టిలో తొండం ముంచి ఆగింది. బర్రెలు నెమరు ఆపలేదు. ఒకటి కాస్త జరిగి చోటిచ్చింది.

"గుంపుల కలిసింది నాయినా," అంది నిషిత మెల్లగా.

సంగప్పకు నవ్వు రాలేదు. కొమురయ్య వంగి యాళి మోకాలు తడిమాడు. రంగు లేచిపోయింది.

"పగిలిందా, పెద్దయ్యా?"

"కాడి మోసే ఎద్దుకు గీతలుండయా? జెర ఆగుండ్రి. తాగనియ్యుండ్రి."

పూజారితో సహా అందరూ ఆగారు. ఎద్దు నీళ్లు తాగేటప్పుడు రైతు వేసే సన్నని ఈల సంగప్ప నోట ఎన్నో ఏళ్లకు వచ్చింది. అది ముగిశాకే కొమురయ్య కొత్త తాడు కట్టాడు.

ఆ గుడికి వెళితే యాళికి దండం పెట్టండి. పుల్లోణ్ణి కూడా ఒకసారి తలచుకోండి. వాడు తాడు తెంచుకుని ఉరికిన రోజున ఎవరూ దండం పెట్టలేదు, అందరూ దుడ్డుకర్రలే పట్టుకున్నారు.