పదకొండో సోదరుడు

ఆ ఆదివారం ఉదయం, మ్యాచ్‌కు ముందు, ప్రెస్సులో అచ్చు అక్షరాలు కూర్చే కంపోజిటరు వేసుకున్న పథకం చాలా చిన్నది. క్రికెట్ క్లబ్బు కొత్త కెప్టెన్‌కు ఫోన్ చేసి, "మేం పదిమందిమే ఉన్నాం బాబూ, పెద్దమనసు చేసుకో" అని బతిమాలుకోవడం. అంతే.

బతిమాలుకోవాల్సిన అవసరం ఉంది మరి. ముప్ఫై ఏళ్ల కిందట పదకొండు మంది చేతిపనివాళ్లు కలిసి సోదర సంఘం పెట్టుకున్నారు. ఆదివారాలు కలుసుకుని, ఒంట్లో బాగాలేని సోదరుణ్ణి వెళ్లి పలకరించి వచ్చేవారు. అందరూ చేరేదాకా ఊరికే కూర్చోవడమెందుకని వడ్రంగి తెచ్చిన చెక్కతో బంతిని బాదడం మొదలుపెట్టారు. రానురాను సంఘం చిక్కిపోయి ఆట ఒళ్లు చేసింది. ఇప్పుడు క్లబ్బు నిండా కుర్రాళ్లే. బోర్డు మీద 'సోదర సంఘం' అన్న మాట ఎందుకుందో వాళ్లకు తెలియదు. పోయిన నెలలో వచ్చిన కెప్టెన్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సంఘం తరఫున పదకొండు మంది మాతో ఆడండి బాబాయ్, పేరు ఉంచుతాం. లేకపోతే తీసేస్తాం."

పదకొండో మనిషి దర్జీ. ఆయన పోయి ఏడాదయింది. ముప్ఫై ఏళ్లు అవతలి వికెట్ దగ్గర కనిపించిన మనిషి కనిపించకపోతే ఎంత బెంగగా ఉంటుందో కంపోజిటరు ఎవరికీ చెప్పుకోలేదు. బోర్డు మీది పేరు కూడా పోతే ఆయన రెండోసారి పోయినట్టేనని మాత్రం అనుకున్నాడు.

ఫోన్ ఎత్తుతూనే కెప్టెన్, "లిస్టు చెప్పండి, రాసుకుంటా" అన్నాడు.

సంఘం పట్టీలో మనుషుల పేర్లుండవు, పనులే ఉంటాయి. పోయిన సోదరుణ్ణి పట్టీలోంచి కొట్టెయ్యకూడదనీ, హాజరు పిలిచినప్పుడు మిగతావాళ్లే "ఉన్నాడు" అనాలనీ మొదటి రోజే రాసుకున్నారు. ఆ నియమంతో పనిపడింది మాత్రం నిరుడే. "వడ్రంగి, కంసాలి..." అంటూ బయల్దేరిన కంపోజిటరు నోరు, పాత అలవాటు కొద్దీ "దర్జీ" దాకా వెళ్లిగానీ ఆగలేదు.

"పదకొండూ సరిపోయాయి, థాంక్యూ బాబాయ్!" అని కెప్టెన్ ఫోన్ పెట్టేశాడు.

"చెప్పేశారా?" అంది భార్య.

"చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పాను."

మైదానంలో నిజం చెప్పేద్దామని గబగబా వెళ్లేసరికి, బల్ల మీద పదకొండు టోపీలు వరసగా పెట్టి ఉన్నాయి. మైకులో పదకొండు మంది సోదరులకూ స్వాగతం చెప్పేస్తున్నారు. అంపైరుగా వచ్చిన లెక్కల మాస్టారు హాజరు తీసుకున్నాడు. "దర్జీ!" అనగానే పదిమందీ ఒక్క గొంతుతో "ఉన్నాడు!" అన్నారు. మాస్టారు టిక్కు పెట్టుకున్నాడు.

సంఘం బ్యాటింగ్ మొదలైంది. తొమ్మిది వికెట్లు చకచకా రాలిపోయాయి. అవుట్ కాకుండా మిగిలిన కంపోజిటరు అవతలి వికెట్ దగ్గర నిలబడ్డాడు.

"దర్జీ ఏడీ?" అన్నాడు మాస్టారు.

వడ్రంగికి అబద్ధం చెప్పడం చేతకాదు. "ఆయన రాలేడండీ."

"ఏం, మోకాళ్ల నొప్పులా?"

"ఇప్పుడు ఏ నొప్పులూ లేవండీ ఆయనకి."

"నొప్పుల్లేకపోతే రావడానికేం? ఇల్లెక్కడ?" అన్నాడు కెప్టెన్. వడ్రంగి మైదానం వెనక సందు చూపించాడు. కంపోజిటరు నోరు తెరిచేలోపే కెప్టెన్ బల్ల మీద మిగిలిన దర్జీ టోపీ పట్టుకుని బండి మీద వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. బండి వెనక దర్జీ భార్య కూర్చుని ఉంది, టోపీ ఒళ్లో పెట్టుకుని.

"పోయినాయన పేరిచ్చారా బాబాయ్? ఇది మోసం. రేపే బోర్డు దించేస్తాం."

"తప్పు నాదే నాయనా. ఆయన్ని వదిలేసి చదవడం నాకు రాలేదు," అన్నాడు కంపోజిటరు.

"ఆయనకి టోపీ పంపిందెవరో అడుగుదామనే వచ్చాను. మనిషి పోయినా ఈ ఆదివారాలు మాత్రం నన్నొదలవా మరిదీ?" అంది ఆమె.

మాస్టారు లిస్టు ఇంకోసారి చూశాడు. "ఇందులో మనిషి పేరు లేదు, దర్జీ అనుంది. అమ్మా, మీకు కుట్టుపని వచ్చా?"

"ఆదివారమంతా ఆయన ఇక్కడే పడుంటే, సోమవారం ఇవ్వాల్సిన బట్టలు కుట్టిందెవరనుకున్నారు?"

"అయితే దర్జీ హాజరే. వెళ్లి ఆడండి."

ఆమె టోపీ పెట్టుకోవడం చూసి కెప్టెన్ బ్యాటు తెచ్చి చేతికిచ్చాడు. బోర్డు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆమె బ్యాటు పట్టుకుని తలెత్తింది. పెళ్లయిన నాటి నుంచీ ఈ మైదానం మీద అలిగి, ఒక్కసారీ ఇందులో అడుగుపెట్టని మనిషి. "మరిదీ, ఆ కనిపించేది మా వంటింటి కిటికీ కదూ?"

"అదే వదినా."

"పొయ్యి దగ్గర నేను కనపడేదాన్నా ఇక్కడికి?"

"అన్నయ్య బంతిని ఎప్పుడు చూశాడు గనక!"

బౌలరు పరుగెత్తుకొచ్చి బంతి వేశాడు. ఆమె కిటికీ వైపే చూస్తూ నిలబడింది. మూడు వికెట్లూ ఎగిరిపడ్డాయి. కుర్రాళ్లెవరూ అరవలేదు.

స్కోరు పుస్తకంలో దర్జీ ఎదురుగా ఎప్పటిలాగే సున్నా రాశారు.