ఏనుగమ్మకి గుర్తురాని హంతకుడు

చాలా పెద్ద అడవి అది. ఎంత పెద్దదంటే, అక్కడ చదివేవాళ్ళకన్నా రాసేవాళ్ళు ఎక్కువ. అక్కడి సాహితీ సంఘానికి ముసలి ఏనుగమ్మ అధ్యక్షురాలు. పుస్తకావిష్కరణ సభలో అధ్యక్షులు ఆ పుస్తకంలోని కథ చూడకుండా చెప్పాలని ఆనవాయితీ. చెప్పలేకపోతే కుర్చీ దిగాలి.

ఆ ఏడు నెమలి ఒక చారిత్రక అపరాధ పరిశోధన నవల రాశాడు. పూర్వం వెండిగుహలో మృగరాజుని ఎవరో చంపారు. ఎవరన్నదే కథ.

ఏనుగమ్మ శ్రద్ధగా చదివింది. వెన్నెల మీద ఒక అధ్యాయం. రాణిగారి నడక మీద ఇంకొకటి. పూర్తిచేసి పుస్తకం మూసింది. చంపిందెవరో గుర్తురాలేదు.

మళ్ళీ మొదటినుంచీ చదివింది. వెన్నెల గుర్తుంది. హంతకుడు లేడు. ఈమధ్య మనవరాళ్ళ పేర్లు కూడా తారుమారవుతున్నాయి. ‘నాకు మతిమరుపు వచ్చేసింది కాబోలు’ అనుకుంది.

సంఘం కార్యదర్శి నక్కని చాటుగా అడిగింది. “నాయనా, ఇంతకీ చంపిందెవరు?”

నక్క ముందుమాట కూడా చదవలేదు. కానీ కుర్చీ మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది.

“అదేంటి పిన్నిగారూ, అంత ముఖ్యమైన సంగతి మర్చిపోతే ఎలా?” అని జాలిగా చూసి, సభకి అడవినంతా పిలిచాడు.

సభలో లేచి, “ఇప్పుడు పిన్నిగారు కథ చెప్తారు, హంతకుడి పేరుతో సహా” అన్నాడు.

ఏనుగమ్మ నిలబడింది. “అబద్ధమెందుకు, నాకు గుర్తు లేదు. రెండుసార్లు చదివినా నిలవలేదు. ఈ కుర్చీ ఇక నక్కదే” అని దిగి, గడ్డిమీద కూర్చుంది.

నక్క శాలువా సర్దుకుని కుర్చీ ఎక్కాడు.

“అయితే నువ్వు చెప్పు నక్క బావా, చంపిందెవరు?” అంది ముందు వరసలోని కోతి.

“ఆ వచనం చూశావూ, ఎంత చిక్కగా ఉందో...”

“చిక్కదనం తర్వాత. ఎవరు?”

నక్క, విమర్శకుడైన ఎలుగుబంటి వైపు చూశాడు. ఎలుగుబంటి ఆకాశం వైపు చూశాడు. చివరికి అందరూ నెమలి వైపు తిరిగారు.

నెమలి పురి విప్పాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పురి ముడిచి, పుస్తకం ముందునుంచీ వెనకనుంచీ తిరగేశాడు.

“వెన్నెల దగ్గర కాస్త ఆగిపోయాను. ఈలోగా రాణిగారు నడిచొచ్చారు. ఆ సందట్లో హంతకుణ్ణి రాయడం మర్చిపోయినట్టున్నాను.”

ఏనుగమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. “అయితే నాకేం కాలేదన్నమాట.”

“కుర్చీ ఎక్కండి పిన్నిగారూ,” అన్నాడు నక్క, గబగబా దిగబోతూ.

“నువ్వుండు నాయనా. నెమలి రెండో భాగం రాస్తున్నాడట. అది చదవాల్సింది అధ్యక్షులేగా.”

నీతి: చంపి దొరక్కుండా ఉండాలంటే అందమైన వచనంలో దాక్కోవాలి.