ఐదో మాల్కం

శనివారం పొద్దున మాల్కం మెక్‌గిల్లివ్రే వేసుకున్న ప్లాను చాలా చిన్నది. టీ తాగాలి. పడవ అడుగున తారు పూయాలి. వాన వస్తే తారు మానేసి మళ్లీ టీ తాగాలి. స్కాట్లండులోని ఆ మల్ దీవిలో వాన రాని శనివారం ఎవరికీ గుర్తులేదు కాబట్టి, ఆ ప్లానులో అసలు పని టీయే.

నీటి సరఫరా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ఊళ్లో మాల్కంలు అయిదుగురు ఉన్నారు. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో తెలియాలి కదా, అందుకని ఊరే ఒక్కొక్కరికీ ఒక ముందుమాట తగిలించింది. పోస్టు మాల్కం, గొర్రెల మాల్కం, పొట్టి మాల్కం, ఒంటావు మాల్కం. ఒంటావు మాల్కంకి ఇప్పుడు మంద ఉంది. పేరు మాత్రం మారలేదు, ఊరు ఒకసారి పెట్టాక మార్చదు. మన మాల్కం పైపుల మాల్కం. ఎదురుగా అంటే ఆయనకి మండుతుంది. వెనకాల అంటే వినబడుతుంది.

మొదటి టీ అవుతుండగా గ్లాస్గో నుంచి కొడుకు ఇయన్ ఫోను చేశాడు. కోడలు మోర్వెన్ పురిటికి అక్కడి పుట్టింటికి వెళ్తే, వాడూ వెంట వెళ్లాడు.

"నాన్నా, కాన్పయింది. మోర్వెన్ బావుంది. బిడ్డ కూడా..."

"జుట్టుందా?"

"ఏంటీ?"

"జుట్టురా! బిడ్డకి తలమీద జుట్టుందా లేదా?"

"ఒక్క వెంట్రుక లేదు. నున్నగా ఉంది. నాన్నా, అసలు విషయం ఏంటంటే..."

"మాల్కమే!" అని అరిచి ఆయన ఫోను పెట్టేశాడు.

జుట్టుకీ పేరుకీ సంబంధం ఉంది. పధ్నాలుగు వందల ఏళ్లకి పైమాటే, కొలంబా అనే సన్యాసి ఐర్లండు నుంచి సముద్రం దాటి వచ్చి అయోనా దీవిలో దిగాడు. ఆ దీవి మాల్కం గారి వంటింటి కిటికీలోంచి కనబడుతుంది. కొలంబా అంటే పావురం. ఆయన్ని కొలిచే సన్యాసులు తల గొరిగించుకునేవారు. ఆ బోడితల భక్తుడికి గేలిక్ భాషలో ఉన్న మాటే తిరిగి తిరిగి మాల్కం అయింది. కొలంబాదాసు అన్నమాట. మన మాల్కం తలమీద కూడా ఏమీ లేదు. అది వయసువల్ల వచ్చిందని డాక్టరు, పేరువల్ల వచ్చిందని ఆయన.

పైగా ఆ ఇంట్లో పద్ధతి ఒకటుంది. మొదటి కొడుక్కి తాత పేరు. మాల్కం కొడుకు ఇయన్, ఇయన్ కొడుకు మాల్కం, మళ్లీ ఇయన్. గోడ గడియారంలో లోలకంలా ఆ పేరు అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. ఇప్పుడు మళ్లీ ఇటు రావాలి. రాకపోతే తనతో ఆగిపోతుంది. ఈ భయంతోనే ఆయనకి ఆర్నెల్లుగా సరిగ్గా నిద్రలేదు.

"ఆడా, మగా?" అని అడిగింది భార్య ఎఫీ.

"మనింట్లో మొదటిది ఎప్పుడూ మగే."

"అడిగావా?"

"జుట్టు అడిగాను."

ఎఫీ ఆయన్ని కాసేపు చూసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆ చూపు చాలాసార్లే పడింది ఆయనమీద. అంటుకోలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఫోను ఖాళీగా లేదు. మాల్కం మొదట పాస్టరు గారికి చేశాడు, తర్వాత అయోనా పడవ నడిపే లాకీకి చేశాడు. లాకీకి చెప్తే మళ్లీ ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా అందరికీ చెప్పాడు. సాయంత్రానికి ఇయన్ ఫోను ఎట్టకేలకు కలిసింది, అదీ ఎఫీకి. ఆవిడ విని, "ఓహో" అని, ఇంకా ఏదో విని, మళ్లీ ఇంకా పెద్ద "ఓహో" అని పెట్టేసింది.

"ఏమయ్యా, ఒక మాట."

"ఇప్పుడు కాదు ఎఫీ, బ్యాగ్‌పైపు ఊదే పైపర్‌ని మాట్లాడుతున్నా."

భోజనాల దగ్గర ఇంకోసారి, "ఏమయ్యా, బిడ్డ గురించి..." అంది.

"బిడ్డ గురించే! ముందే అనుకున్నట్టు వచ్చే శనివారం వాళ్లు ఇంటికి దిగేసరికి ఊరి హాల్లో సభ."

పడుకునే ముందు మరోసారి, "చెప్పేది విను..." అంది.

"నువ్వు కేకు గురించి కంగారుపడకు. మర్డీనాకి చెప్తాను."

ఇక ఆవిడ చెప్పడం మానేసింది. నీలం ఊలు పెట్టెలో పెట్టేసి, గులాబీ రంగు ఊలు తీసింది. వారమంతా ఆయన ఎదురుగానే కూచుని చిన్న టోపీ అల్లింది. ఆయన రంగు చూడలేదు.

మర్డీనా ఊళ్లో బేకరీ నడుపుతుంది. ఆవిడా మాల్కమూ ఒకే బెంచీమీద చదువుకున్నారు. ఆ దీవుల్లో మర్డో అనే మగ పేరుకి చివర ఒక తోక తగిలిస్తే ఆడపిల్ల పేరు మర్డీనా అయిపోతుంది. హ్యూకి హ్యూయీనా, డోనల్డ్‌కి డోనల్డీనా. ఈ పద్ధతి మాల్కంకి చిన్నప్పట్నుంచీ నవ్వులాట. "మగ పేరుకి తోక తగిలించి ఆడపిల్లకి పెట్టడం అంటే నీళ్ల పైపుకి రిబ్బను కట్టడమే" అనే జోకు ఆయన సొంతం. ఇయన్ పెళ్లిలో, ఎవరూ అడక్కపోయినా లేచి ఉపన్యాసమిస్తూ అదే జోకు మళ్లీ వేశాడు. అందరూ నవ్వారు. వియ్యపురాలు ఈనా మాత్రం టీ తెస్తానని లోపలికి వెళ్లింది. చాలాసేపటికి గానీ రాలేదు.

"ఏంటి పైపూ, మనవడంట కదా!" అంది మర్డీనా కౌంటరు వెనకనుంచి.

"మాల్కం అను. కేకు కావాలి. హాలంతటికీ సరిపోవాలి. పైన 'ఐదో మాల్కం' అని రాయాలి."

"ఊళ్లో ఆల్రెడీ అయిదుగురున్నారు. ఆరో మాల్కం కదరా?"

"ఊరి లెక్క కాదు, రాజుల లెక్క. స్కాట్లండుని ఏలిన మాల్కంలు నలుగురు. నాలుగోవాడు పోయి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. అప్పట్నుంచీ ఖాళీ."

"పోస్టు ఖాళీగా ఉందని మీవాడు చేరుతున్నాడా!"

"నవ్వు. రిబ్బను కట్టిన పేరు నీది. నీకేం తెలుస్తుంది?"

మర్డీనా పిండి చేతులు తుడుచుకుంది. "తోక కూడా రాయించుకునే రోజు వస్తుందేమో చూద్దాంలే" అని, ఆర్డరు తీసుకుంది.

రాజుల లెక్క ఊళ్లోకి పాకింది. మిగతా నలుగురు మాల్కంలకీ అది బాగా నచ్చింది. హాలు గుమ్మం దగ్గర నలుగురూ నలుగురు రాజుల్లా నిలబడి, ఐదోవాడికి స్వాగతం చెప్పాలని నిర్ణయించారు. గొర్రెల మాల్కం మొదటి రాజు. పొట్టి మాల్కం పంతం పట్టి, పెద్దతల అని పేరుపడ్డ మూడో రాజు వేషం తీసుకున్నాడు. నాలుగో రాజు దగ్గర గొడవొచ్చింది. ఆయన పన్నెండేళ్లకే సింహాసనం ఎక్కి, పెళ్లి లేకుండానే పోయాడు. చరిత్రలో ఆయనకి 'కన్య' అని పేరు.

"నేను కన్యగా నిలబడను. నాకు మనవలున్నారు" అన్నాడు పోస్టు మాల్కం.

"నాకు ఆవులున్నాయి" అన్నాడు ఒంటావు మాల్కం.

చివరికి చీటీలేశారు. ఒంటావు మాల్కం కన్య అయ్యాడు. వాళ్లావిడ దానికి తగ్గట్టు ఒక కిరీటం కుట్టింది. ఈలోగా మన మాల్కం తన పడవకి తారు మానేసి, దాని ముక్కుమీద తెల్లరంగుతో 'ఐదో మాల్కం' అని పెద్దగా రాశాడు. గొర్రెల మాల్కం ఒక ఉయ్యాల చెక్కి, దానిమీద అదే పేరు ఇంకా పెద్దగా చెక్కాడు. ఇక వెనక్కి తగ్గడానికి ఒక్క దారి కూడా మిగల్లేదు.

శనివారం హాలు నిండిపోయింది. కారు వస్తోందని లాకీ ఫోను చేసేసరికి మాల్కం వేదికెక్కి గొంతు సవరించుకున్నాడు. ఆటపట్టిద్దామని లేచినవాళ్లు కూడా కూచున్నారు. ఎందుకంటే కొలంబా పేరు ఎత్తగానే ఆ మనిషి మారిపోతాడు. పైపులు, పంతాలు అన్నీ పోయి, గొంతు తగ్గిపోతుంది.

"ఆ కిటికీలోంచి చూడండి" అన్నాడు. "ఆ నీళ్లమీదే వచ్చాడాయన. ఒక పడవ, కొంతమంది శిష్యులు. అంతే. సైన్యం లేదు, డబ్బు లేదు. పేరుకి పావురం. ఆయన పోయాక ఎన్నో వందల ఏళ్లకి కూడా, ఈ దేశంలో తల్లులు బిడ్డని ఎత్తుకుని 'వీడు ఆయన దాసుడు' అని పేరు పెట్టారు. రాజు కొడుక్కీ అదే, జాలరి కొడుక్కీ అదే. కత్తి పట్టి దేశం ఏలిన వాళ్లు నలుగురు, ఒక సన్యాసికి దాసులమని చెప్పుకుంటూ ఏలారు!"

ఆయన కిటికీ వదిలి జనంవైపు తిరిగాడు.

"మూడో మాల్కంకి చదువు రాదంటారు. భార్య మార్గరెట్ బాగా చదువుకుంది. ఆవిడ ప్రార్థన పుస్తకాలు ఆయన చేతిలోకి తీసుకుని, చదవలేక, ముద్దు పెట్టుకునేవాడట. అంత పెద్ద రాజు! ఆ పుస్తకంలో ఏముందో ఆయనకి తెలీదు. గొప్పదని తెలుసు. నాకూ అంతే. ఈ పేరు నాకు అందింది. దీన్నేం చేయాలో నాకు తెలీదు. ఇంకొకరి చేతిలో పెట్టి వెళ్లాలని మాత్రం తెలుసు."

వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు.

"రెండో మాల్కం సంగతి చెప్పలేదు" అంది ఎఫీ, అల్లుతూనే.

"ఆయనకి కొడుకుల్లేరు. దాంతో మనకి సంబంధం లేదు."

"తర్వాత ఎవరు రాజయ్యారు?"

"కూతురి కొడుకు."

"ఊఁ" అని ఎఫీ ఊలు ముడేసింది.

బయట కారు ఆగింది. పైపర్ ఊపిరి బిగించి బ్యాగ్‌పైపు అందుకున్నాడు. నలుగురు రాజులూ వరసలో నిలబడ్డారు. ముందు మోర్వెన్, పక్కన ఇయన్, వెనక బిడ్డని ఎత్తుకుని వియ్యపురాలు ఈనా లోపలికొచ్చారు. కిరీటం పెట్టుకున్న ఒంటావు మాల్కం మోకాలు వంచాడు.

"ఇదిగో ఐదో మాల్కం, నా మనవడు!" అని చేతులు చాచాడు మాల్కం.

"నాన్నా," అన్నాడు ఇయన్, కేకూ ఉయ్యాలా రాజులూ అన్నీ చూసి తెల్లబోయి, "పాప నాన్నా. అమ్మకి చెప్పాను కదా!"

పైపర్ ఊదడం ఆపేశాడు. కానీ ఆ వాయిద్యం వెంటనే ఆగేది కాదు. తిత్తిలో మిగిలిన గాలంతా పోయేదాకా, ఎవరో కాలు తొక్కిన గొర్రెలా సాగదీసి ఏడ్చింది. హాలంతా ఆ ఏడుపు పూర్తిగా వింది.

"నీకు తెలుసా?" అన్నాడు మాల్కం.

ఎఫీ గులాబీ టోపీ ఎత్తి చూపించింది. "వారంనుంచీ నీ ముక్కు కిందే ఉంది."

"మరి చెప్పొద్దూ!"

"మూడుసార్లు మొదలెట్టాను. నువ్వు పైపర్‌తో ఉన్నావు."

ఒంటావు మాల్కం లేవడానికి ఎవరైనా చెయ్యిస్తారేమోనని చూశాడు. ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు మర్డీనా కేకు దగ్గరికి వచ్చింది. చేతిలో క్రీము నింపిన గొట్టం ఉంది.

"ఏముంది మాల్కం, చివర కాస్త తోక కలిపితే సరిపోతుంది. జాగా వదిలే రాశాను."

హాలు పగలబడి నవ్వింది. మాల్కం ముఖం కందగడ్డ అయింది. "వద్దు మర్డీనా. పిల్లని చూసి జీవితాంతం నవ్వుతారు."

"ఎవరు నవ్వుతారు? నన్ను చూసి నవ్వింది నువ్వొక్కడివే." ఆవిడ గొంతులో కోపం లేదు. "మా బాబాయి మర్డో చేపల వేటకి వెళ్లి తిరిగి రాలేదు. ఒడ్డుకి ఏమీ కొట్టుకురాలేదు, బూటు కూడా. ఆ చలికాలమే నేను పుట్టాను. ఆడపిల్ల పుట్టిందని ఆ పేరుని సముద్రానికి వదిలేయాలా? మా నాయనమ్మ నన్ను ఎత్తుకుని, తోక కలిపి పిలిచింది. ఆవిడ బతికినన్నాళ్లూ రోజుకి నలభైసార్లు పిలిచేది. పనేమీ ఉండేది కాదు. ఊరికే పిలిచేది."

నవ్వు ఆగిపోయింది. మాల్కం వేదిక దిగాడు. ఈనా చేతుల్లో ఉన్న పాప దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. నున్నటి బోడితల. పాప కళ్లు తెరవకుండానే ఆయన వేలు పట్టుకుంది. ఆయన చాలాసేపు ఆ వేలు వెనక్కి తీసుకోలేదు. తర్వాత, చదవలేని పుస్తకాన్ని ముట్టుకున్నట్టు, ఆ తలమీద ముద్దు పెట్టుకున్నాడు.

"మర్డీనా," అన్నాడు అటు తిరక్కుండానే, "అరవై ఏళ్లుగా వాగాను. తప్పయింది."

"సర్లే. కేకు ఆరిపోతోంది, ఏదో ఒకటి చెప్పు."

ఆయన కోడలివైపు తిరిగాడు. "అమ్మా మోర్వెన్, మీరేదో మంచి పేరు అనుకునే ఉంటారు. నేను అడగకూడదు. అయినా అడుగుతున్నాను. ఆ తోకతోనే... పెడతావా?"

మోర్వెన్ ఇయన్‌వైపు చూసింది. ఇయన్ నేలవైపు చూశాడు.

"పెట్టేశాం మామయ్యా" అంది మోర్వెన్. "నిన్ననే రిజిస్టరు చేయించాం. మాల్కమీనా."

హాలు కప్పు ఎగిరిపోయేలా అందరూ కేకలేశారు. పైపర్ మళ్లీ అందుకున్నాడు. మాల్కం రెండు చేతులూ ఎత్తి అందరివైపూ తిరిగి, "విన్నారా! అడక్కుండానే పెట్టారు! నా పేరు!" అని అరిచాడు.

ఈనా చిన్నగా దగ్గింది. "మీ పేరు కాదు అన్నయ్యగారూ. నాది."

"మీదేంటి చెల్లెమ్మా? మీరు ఈనా కదా."

"అది చివరి ముక్క. మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు కదా పద్ధతి. మా నాన్న మాల్కం. నేను మాల్కమీనా. మీ అబ్బాయి పెళ్లినాడే మీకు చెబుదామనుకున్నాను." ఆవిడ పాప దుప్పటి సర్దింది. "ఈలోగా మీరు రిబ్బను సంగతి మొదలెట్టారు. నేను టీకి వెళ్లాను."

మర్డీనా క్రీము గొట్టం నొక్కి, కేకుమీద తోక పూర్తి చేసింది. ఎఫీ లేచి పాప తలకి టోపీ తొడిగి, "రెండో ఆడపిల్ల నాది" అని మోర్వెన్‌కి ముందే చెప్పి ఉంచింది.

పడవమీద పేరు మార్చడానికి తెల్లరంగు చాలలేదు. అది ఇప్పటికీ 'ఐదో మాల్కం' గానే అయోనా నీళ్లలో తిరుగుతోంది. మాల్కం రోజూ సాయంత్రం పాపని ఎత్తుకుని ఒడ్డుకి తీసుకెళ్లి, పనేమీ లేకపోయినా పూర్తి పేరుతో పిలుస్తుంటాడు. ఊళ్లో పైపుల మాల్కం అనే మాట మాత్రం ఎక్కడా వినబడ్డం లేదు. అందరూ ఆయన్ని ఇప్పుడు మాల్కమీనా మాల్కం అంటున్నారు.