చెక్కపొట్టులో శక్తి

మూడు కొండల నడుమ పరుచుకున్న ఒక పెద్ద అడవిని ఓ ఏనుగు ఏలేది. మంచి రాజే, కానీ నివేదికలో ఏముంటే అదే నిజమని నమ్మేది.

పాలు మాన్పించిన పందిపిల్లలు నీరసపడకూడదని, వాటికి రోజూ మొక్కజొన్నలు పెట్టమని ఆజ్ఞ ఇచ్చింది. గిడ్డంగి నక్క చేతిలో ఉంది. మొక్కజొన్నలంటే నక్కకూ ప్రాణమే.

అందుకని నక్క ‘ప్రత్యామ్నాయ ఆహార సంఘం’ ఒకటి వేసి, కోతిని నిపుణుడిగా పెట్టుకుంది. ఆ కోతి పట్నంలో ఓ పశువైద్య కళాశాల కప్పు మీద రెండేళ్లు ఉండి వచ్చింది మరి!

"మేతలో ఉండాల్సింది శక్తి," అంది కోతి నిండు సభలో. పురుగులు తొలిచిన మాను కింద రాలిన చెక్కపొట్టు గుప్పెడు తెచ్చి, నిప్పు తాకించింది. భగ్గుమంది. "చూశారా ఎంత శక్తో! మొక్కజొన్న ఇలా మండుతుందా?"

నక్క అదే నివేదికగా రాసిచ్చింది, రాజు తల ఊపింది. మొక్కజొన్న ఆగింది, పొట్టు మొదలైంది.

నాలుగు రోజులకే పోలమ్మ అనే పంది పిల్లల డొక్కలు లోపలికి పోయాయి. అన్నిటికన్నా చిన్నది లేచి నిలబడలేకపోయింది. పోలమ్మ నక్క దగ్గరికి పరుగెత్తింది.

"అయ్యా, అది గొంతు దిగడం లేదు. పిల్లలు దక్కేలా లేరు."

"అలవాటు కావాలమ్మా," అంది నక్క, పళ్లలో ఇరుక్కున్న మొక్కజొన్న తొక్క గీరుకుంటూ. "ఇది ఇరవై ఒక్క రోజుల పరీక్ష. మధ్యలో పోయినవి పరీక్ష కిందికి రావు."

పోలమ్మ చిన్నదాన్ని ముట్టెతో నెట్టుకుంటూ పిల్లలందరినీ వాగొడ్డుకు తీసుకెళ్లింది. తుంగగడ్డలు తవ్వి పెట్టింది, తవ్వడం నేర్పింది. రోజూ వచ్చే పొట్టును పిల్లల పడక కింద పరిచింది.

గడువు నాటికి రాజు స్వయంగా వచ్చింది. పిల్లలు గుండ్రాళ్లలా ఉన్నాయి. చిన్నదైతే రాజు కాళ్ల మధ్య దూరి పరుగులు తీసింది.

నక్క నోరు తెరిచింది. వెంటనే తేరుకుని, "అంతా పరిశోధన మహిమ, ప్రభూ!" అంది.

"పొట్టు ఎలా ఉందమ్మా?" అని అడిగింది రాజు.

"చాలా మెత్తగా ఉంది మహారాజా," అంది పోలమ్మ. అబద్ధం ఆడలేదు.

రాజు కళ్లు చెమర్చాయి. "ఇంత గొప్ప మేత పసివాళ్లకేనా? అడవి కోసం చాకిరీ చేసే మా అధికారులు ఏం పాపం చేశారు? రేపటి నుంచి వాళ్లకూ కడుపునిండా ఇదే! గిడ్డంగిలో మొక్కజొన్న ఇంకెందుకు, అడవిలో అందరికీ పంచేయండి."

కోతి నక్క వైపు చూసింది. తినలేమంటే నివేదిక అబద్ధమవుతుంది. నివేదిక నిజమంటే తినక తప్పదు.

మర్నాడు రాజు ఎదుట ఇద్దరూ పిడికెడు పొట్టు నోట్లో వేసుకున్నారు. కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గు అందుకుంది.

"పాపం, ఆనందంతో మాట రావడం లేదు," అంది రాజు. "ఇంకాస్త వడ్డించండి!"

నీతి: పథకం విఫలమైతే అధికారికి ఏమీ కాదు, విజయవంతమైతేనే ప్రమాదం.