ఫ్రిజ్‌లో పంచనామా

ఆ ఆదివారం పొద్దున ఫణీంద్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు పూజ ముగించేలోగా గేటు దగ్గరికి వెళ్ళాలి. తన పేరు మీద వచ్చే పార్సిల్ తీసుకోవాలి. దాన్ని ఫ్రిజ్‌లో దోసెల పిండి గిన్నె వెనక దాచెయ్యాలి. అమీర్‌పేటలో మూడో అంతస్తు నుంచి కిందికి దిగి ఈమాత్రం పని చేసుకురాలేని వాడికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎందుకు?

ఆ పార్సిల్లో ఉన్నది కోరిక పుట్టిస్తుందని చెప్పే ఇంజెక్షను. చాలాకాలంగా ఫణీంద్రకూ అతని భార్య మంజూషకూ మధ్య రాత్రిళ్ళు "గుడ్ నైట్" తప్ప ఇంకేమీ లేదు. లోపం తనదేనని అతని గట్టి నమ్మకం. పంజగుట్టలో ఒక డాక్టరును కలిస్తే ఆయన మందు రాయనన్నాడు. "ఇక్కడ దీన్ని అమ్మడానికి అనుమతి లేదు. అనుమతి ఉన్నచోట కూడా అది ఆడవాళ్ళకే, అదీ డాక్టరు చీటీ ఉంటేనే. ముందు మీ ఆవిడను తీసుకుని రండి, మాట్లాడదాం" అన్నాడు. ఫణీంద్ర ఇంటికొచ్చి, ఏ చీటీ అడగని వెబ్‌సైటు ఒకటి వెతికి ఆర్డరు పెట్టేశాడు. పెళ్ళాంతో మాట్లాడటం కన్నా చట్టాన్ని మీరడమే అతనికి సులువనిపించింది.

తీరా అతను స్నానం చేస్తుండగానే పార్సిల్ చేరిపోయిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. తల తుడుచుకుంటూ హాల్లోకి పరుగెత్తేసరికి ఫ్రిజ్ ముందు మామగారు జోగారావు నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో చిన్న గాజు సీసా ఉంది.

జోగారావు మందుల తనిఖీ శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. రిటైరయ్యారని ఊరంతా అనుకోవడమే కాని, ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు. ఎవరైనా గుర్తుచేస్తే "ప్రస్తుతం లీవులో ఉన్నా" అనేవారు. కంటి ఆపరేషను కోసం కాకినాడ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ, కూతురింట్లో తలనొప్పి మందు మూత కూడా తేదీ చూడనిదే తియ్యనివ్వడం లేదు.

"నా ఇన్సులిన్ పక్కన ఉందండీ ఇది! బ్యాచి నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు. పైగా 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు' అని రాశారు. మనుషులకు వాడకూడనిది మనింట్లో ఎందుకుంది అల్లుడుగారూ?"

ఫణీంద్ర తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మంజూషే వాచ్‌మన్ దగ్గర పార్సిల్ తీసుకుని, నాన్న మందనుకుని ఫ్రిజ్‌లో పెట్టి ఉంటుందని ఊహించాడు.

"ఏదో పొరపాటున వచ్చుంటుంది. పారేద్దాం మామయ్యగారూ."

"అవున్నాన్నా, పారేద్దాం, ఇలా ఇచ్చెయ్" అంటూ మంజూష గరిటెతోనే వంటింట్లోంచి ఉరికొచ్చింది.

"సాక్ష్యాన్ని పారేస్తారా? ఎవడో నాకు ఇన్సులిన్ పేరుతో దొంగమందు అంటగట్టాడు. ఆ మెడికల్ షాపువాణ్ణి పిలవండి!"

షాపు కేదార్‌ది. ఈ ఇంటికి మందులన్నీ అతనే తెచ్చిస్తాడు. పాపం, పాత బాకీలేమైనా ఇస్తారేమోనన్న ఉత్సాహంతో వచ్చాడు. జోగారావు అప్పటికే సూట్‌కేసులోంచి సీలు వెయ్యడానికి లక్క, కొవ్వొత్తి తీశారు. లీవులో ఉన్న మనిషి లక్క వెంటబెట్టుకు తిరగడమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"సీలు వెయ్యాలంటే ఇంటివాళ్ళు కాని సాక్షులు ఇద్దరుండాలి. రూలంటే రూలే" అన్నారు.

ఆ రూలు ప్రకారం పై ఫ్లాటు స్వరాజ్యం వచ్చింది. అపార్ట్‌మెంట్ సంఘానికి ఆవిడే కార్యదర్శి. రెండో సాక్షిగా వాచ్‌మన్ హనుమాండ్లును కేకేశారు. స్వరాజ్యం సీసా మీది పేరు ఫోనులో కొట్టి చూసి, కళ్ళు పెద్దవి చేసింది.

"అన్నా, గిది షుగర్ మందు గాదు. మొగుడు పెండ్లాల ముచ్చటకు సంబంధించిందట!"

జోగారావు ముఖం ఎర్రబడింది. "ఏరా కేదారూ, ఈ వయసులో నాకిది పంపుతావా? రేపు పొద్దున్నే మావాళ్ళకు అప్పగిస్తా. నీ లైసెన్సు గోవిందా!"

"నా షాపు మీద ఒట్టు, ఈ సీసా నేనెప్పుడూ చూడలేదండీ. ఆ షాపు పోతే మేం రోడ్డున పడతాం సార్" అన్నాడు కేదార్. రెండు చేతులూ జోడించాడు.

ఫణీంద్ర ఆ చేతులు చూశాడు. తన పరువు కోసం ఇంకొకడి బతుకు పోవడం చూస్తూ ఊరుకోలేకపోయాడు.

"కేదార్ తప్పేం లేదు మామయ్యగారూ. అది నాది. నాలో లోపముందని నేనే తెప్పించుకున్నా."

మంజూష నోరు తెరిచి, "మీరా?" అంది.

అప్పుడు హనుమాండ్లు రొప్పుతూ లోపలికి వచ్చాడు. చంకలో ఒక పార్సిల్ ఉంది.

"ఫణి సార్, పొద్దుగాలనే వచ్చింది మీది. సల్లగ ఉంచాలె, ఎవ్వలకు ఇయ్యొద్దు అంటిరి గదా, మా నీళ్ళ కుండ పక్కన పెట్టిన. జర లేటైంది."

జోగారావు విప్పారు. లోపల అదే సీసా, అదే హెచ్చరిక.

"మరి ఫ్రిజ్‌లోది ఎవరిది?"

మంజూష గరిటె వంక చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "నాది నాన్నా. లోపం నాదేననుకున్నా."

ఫణీంద్ర ఆమెనే చూస్తూ, "డాక్టరు నిన్ను తీసుకుని రమ్మన్నాడు" అన్నాడు.

"నాకూ ఎస్.ఆర్. నగర్ డాక్టరమ్మ అదే చెప్పింది, మిమ్మల్ని తీసుకుని రమ్మని."

ముందు మంజూషకు నవ్వొచ్చింది, తర్వాత ఫణీంద్రకు. ఇద్దరి మనసూ ఎంత తేలికపడిందంటే, చుట్టూ ఇంతమంది ఉన్నారన్న సంగతే మర్చిపోయారు. వంటింట్లో దోసె మాడిపోతున్నా పట్టించుకోలేదు. జోగారావు మాత్రం కేదార్ భుజం తట్టి, "ఏమనుకోకు బాబూ" అని గొణిగి, రెండు సీసాలూ అతని చేతిలో పెట్టి ఎవరికీ చిక్కకుండా పారబొయ్యమన్నారు.

స్వరాజ్యం కదల్లేదు. "మరి గీ రెండో సీసకు సుత సాక్షి సంతకం పెట్టాల్నా అన్నా?"

జోగారావు కొవ్వొత్తి ఆర్పి, లక్క జేబులో వేసుకున్నారు.

"నాకేం అధికారం ఉందమ్మా? నేనెప్పుడో రిటైరయ్యాను."